మాటు వేసిన పాత్ర

మా చెల్లెలు చెదను కనిపెట్టింది. నవ్వకండి. చెదను కనిపెట్టేదేముంది, ప్రతి ఇంటి గుమ్మానికీ ఉండేదేగా అనకండి. ఇది వేరే చెద. కర్రను ముట్టదు, కాగితాన్ని ముట్టదు, సీసాన్ని తింటుంది. సర్కారు వాళ్లు పెట్టిన పేరు శుద్ధిజీవి. పేరు ఎంత గంభీరంగా ఉన్నా చేసేది చెదపనే కాబట్టి ఊళ్లో అందరూ చెద అనే అంటారు. ఆ మాట వింటే మా చెల్లెలికి ఒళ్లు మంట. అందుకని నేను మరీ మరీ అంటాను.

నా పేరు యామిని. తెనాలిలో నాకు పాత మైకుసెట్ల దుకాణం ఉంది. వాల్వు రేడియోలు, యాంప్లిఫయర్లు, టేపురికార్డర్లు ఎవరి అటకమీద మూలుగుతున్నా తెచ్చుకుంటాను. దులిపి, తెగినచోట మాటు వేసి, మళ్లీ పలికిస్తాను. జనం సోల్డరింగ్ అంటారు గాని నాకు మాటు అన్న మాటే ఇష్టం. మా అమ్మమ్మ చిల్లుపడ్డ బిందెలకు వేయించినదీ, నేను వైర్లకు వేసేదీ ఒకటే: సీసమూ తగరమూ కలిపి కరిగించిన బొట్టు. చిల్లు పూడుతుంది, తెగింది అతుకుతుంది. పారేయాల్సిన వస్తువు ఇంకో తరం బతుకుతుంది.

చెల్లెలి పేరు ప్రవల్లిక. మాకు వల్లి. గుంటూరు రోడ్డులోని ప్రయోగశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. చెద మొదటిసారి పనిచేసిన రోజు నన్ను పిలిచి చూపించింది. గాజు తొట్టిలో పసుపుపచ్చటి నీళ్లు, అందులో ఒక పాత కంప్యూటర్ బోర్డు. మేం క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి వచ్చేసరికి అతుకులన్నీ బూడిదరంగు పొడి అయిపోయాయి. వల్లి తొట్టిని కాస్త కదిపింది. బోర్డుకున్న ముక్కలన్నీ చింతగింజల్లా రాలి అడుగున పడ్డాయి.

"చూశావా అక్కా? ఇంక ఒక్క చుక్క సీసం కూడా నేలలోకి పోదు," అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపుకు కారణం ఆద్య, వల్లి కూతురు.

ఊరి చివర కాలువ అవతల ఫోన్ల దిబ్బ ఉండేది. ఎక్కడెక్కడి పాత ఫోన్లూ, కంప్యూటర్లూ అక్కడికి చేరేవి. రాగికోసం వాటిని తగలబెట్టేవాళ్లు. ఆ బూడిద వానకు కారి బోరు నీళ్లలో కలిసింది. వల్లి వాళ్లు అప్పుడు అటువైపే కాపురం ఉండేవాళ్లు. బడికి పంపాల్సిన వయసొచ్చినా ఆద్యకు 'అమ్మ' తప్ప ఇంకో మాట రాలేదు. రక్తంలో సీసం ఉందన్నారు. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో చదువుకుంటోంది. మాట్లాడుతుంది గాని, ప్రతి మాటనూ వెతుక్కుని వెతుక్కుని మాట్లాడుతుంది. కాబట్టి సీసం అమృతమని నేను ఏనాడూ అనలేదు. చెద ఆ దిబ్బను ఊడ్చిపెట్టినప్పుడు వీధంతా మిఠాయి పంచినదాన్ని నేనే.

నా గొడవ తర్వాత మొదలైంది. దిబ్బలో పనిచేసిన మందు ఇళ్లలోనూ పనిచేయాలని పైన ఎవరికో తోచింది. చట్టం చేశారు. సీసపు అతుకులున్న పాత పరికరం ఏదైనా సరే, శుద్ధి కేంద్రంలో అప్పగించాలి. అక్కడ దాన్ని చెద ట్యాంకులో ముంచుతారు. అప్పగించకపోతే వాళ్లే ఇంటికొచ్చి చెదనీళ్లు చల్లిపోతారు. బెజవాడలో టేపురికార్డర్లు సేకరించే పెద్దాయన ఒకాయన అన్నిటినీ బండికెత్తి ఇచ్చేసి వచ్చాడు. తర్వాత నేను ఫోన్ చేస్తే, "ఇల్లు బోసిపోయిందమ్మా" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

రెండు వానలకు చచ్చే ఫోను పరిశుభ్రమట, ఎందుకంటే అందులో సీసం లేదు. మా తాతల నాటినుంచి పలుకుతున్న సెట్టు మాత్రం విషమట. దిబ్బను పెంచింది ఎవరు? పారేసేవాళ్లా, పారేయకుండా ఉంచుకున్న నేనా? ఈ ప్రశ్న శుద్ధి శాఖకు చాలాసార్లు వేశాను. మీ సూచన పరిశీలనలో ఉందన్నారు. నేను చేసింది సూచన కాదు, నిలదీస్తున్నానన్న సంగతి కూడా వాళ్లకు అర్థం కాలేదు.

ఒకరోజు పొద్దున దుకాణం ముందు శుద్ధి శాఖ బండి ఆగింది. అధికారి పృథ్వీధర్ దిగాడు. వెనకే భుజానికి పంపు తగిలించుకుని ఇస్సాకు. అతను మా వీధి చివరి మనిషే, శుద్ధి కేంద్రంలో ట్యాంకుల దగ్గర పని.

"యామినిగారూ, గడువు దాటించేశారు," అన్నాడు పృథ్వీధర్.

"గడువేగా దాటింది. మీరింకా గడప దాటలేదుగా. రండి, టీ తాగుదురు."

మనిషి చెడ్డవాడు కాదు. టీ తాగాడు. గోడవారగా ఉన్న పెద్ద వాల్వు సెట్టును చూసి ఆగిపోయాడు కూడా. మా దుకాణానికి అదే పెద్దదిక్కు. మేనమామ దగ్గర కొన్నది. స్విచ్చి వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగి, గది వెచ్చబడి, అప్పుడు పలుకుతుంది. తొందరపెడితే పలకదు.

"పొగరుగా ఉందండీ సెట్టు," అన్నాడు.

"పెంచినవాళ్ల బుద్ధులు వస్తాయిగా సార్. ఇంతకీ మీ చట్టంలో మినహాయింపులేం లేవా?"

"ఒకటుంది గాని మీకు పనికిరాదు." మణికట్టు ఫోనులో వెతికి చదివాడు. "'సంప్రదాయ వినియోగంలో ఉన్న, మాటు వేసిన పాత్రలకు ఈ చట్టం వర్తించదు.' గుడి గంగాళాలు, ఇళ్లల్లో బిందెలు, అలాంటివి. అమ్మమ్మలంతా రోడ్డెక్కితే పెట్టారు లెండి."

"పాత్రలు అనే ఉందా? గిన్నెలు అని లేదా?"

"పాత్రలనే ఉంది. ఎందుకు?"

నేను లేచి వెళ్లి సెట్టు మీద చెయ్యి వేశాను. "ఇది పాత్రే సార్. లలితకళా నాట్యమండలి వాళ్ల పౌరాణికంలో ఆకాశవాణి పాత్ర. దీనికి ఒంటినిండా మాటే. సంప్రదాయం కాదంటారా పద్యనాటకం? తెనాలిలో నిలబడి ఆ మాట అనండి చూద్దాం."

ఇస్సాకు పంపు దించి కిసుక్కున నవ్వాడు. పృథ్వీధర్ నవ్వలేదు. "పాత్ర అంటే గిన్నె అండీ."

"మరైతే గిన్నె అనే రాయాల్సింది. తెలుగులో చట్టం రాసేటప్పుడు తెలుగు తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. తప్పు మీది, పాత్ర నాది."

ఆయన చాలాసేపు ఆ వాక్యాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఎంత చూసినా అందులో పాత్ర గిన్నెగా మారలేదు. చివరికి అన్నాడు: "సరే. పైనుంచి వివరణ వచ్చేదాకా నా కళ్లతో చూసిందే సాక్ష్యం. నాటక పరిషత్తు పోటీలు ఆదివారమేగా? వస్తాను. పాత్ర తన మాటలు తను పూర్తిగా పలకాలి. మధ్యలో మూగబోయినా, నాటకంలో లేనిది పలికినా అది పాత్ర కాదు, సామాను. అక్కడికక్కడే చల్లిస్తాను. దుకాణంలో ఉన్నవాటికీ అదే గతి."

"ఒప్పుకున్నా. సెట్టు నెగ్గితే మిగతావాటికీ వేషాలు వేయిస్తాను. మా పౌరాణికాల్లో వేషాలకు కరువా?"

బండి వెళ్లగానే దుకాణానికి తాళం వేసి పరుగెత్తాను. ఆకాశవాణి సంగతి నాట్యమండలి వాళ్లకు నేనింకా చెప్పనే లేదు.

మండలికి పెద్ద కోటిరత్నమ్మగారు. మీసం పెట్టుకుని రాజు వేషం వేసి, రాగం ఎత్తుకుందంటే కుర్రాళ్లు కూడా సెల్లులు జేబులో పెట్టేస్తారు. సంగతి విని ఆవిడ విరగబడి నవ్వింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! ఏభై ఏళ్లనుంచి ఆకాశవాణిని తెర వెనక దాచి చదివిస్తున్నాం. ఇన్నాళ్లకు దానికి వేదికెక్కే యోగం పట్టిందన్నమాట. చండవర్మ నాటకంలో పెట్టేద్దాం. చివరి అంకంలో నా పాపాలన్నీ చెప్పేది అదేగా! నువ్వు భటుడి వేషం వేసి దాని పక్కన నిలబడు. బుడ్డీలు ఆరిపోకుండా చూసుకోవాలిగదా."

వాల్వుల్ని ఆవిడ బుడ్డీలు అంటుంది. ఆవిడ మైకు నుంచి వెనక్కి నడిచి పాడినా ఆ సెట్టు అందుకుంటుంది. కొత్త సెట్లలో తన గొంతు రేకుడబ్బాలో గులకరాయిలా ఉంటుందని ఆవిడ బాధ.

ఈ వార్త గుంటూరు రోడ్డుదాకా వెళ్లింది. మర్నాడు వల్లి విసురుగా దిగింది.

"ఏంటక్కా ఈ చోద్యం? మాటలగారడీతో చట్టాన్ని ఏడిపిస్తావా? నేను పన్నెండేళ్లు కష్టపడ్డది ఇందుకా?"

"నీ చెదను నేను ఏమన్నానే? దిబ్బమీద వదులు, మురుగులో వదులు. నా బల్లమీదకు ఎందుకు?"

"నీ బల్లమీదా సీసమే ఉంది."

"ఉంది. డబ్బా లోపల, అతుకులో, కదలకుండా ఉంది. నేను దాన్ని తగలబెట్టను, నేలలో కలపను. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా మంచినీళ్లు కూడా తాగను. నీకు తెలీదా?"

వల్లి మొహం ఎర్రబడింది. "ఆద్యను ఎత్తుకునేదానివి. ఈ చేతులతోనే అన్నం పెట్టేదానివి. నా బిడ్డ నోటికి మాట రాకుండా చేసింది బోరు నీళ్లేనని, ఈ బల్ల కాదని నీకెట్టా తెలుసక్కా?"

నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. ఇన్నేళ్లూ ఇది మనసులో పెట్టుకుని నాతో పండగలు చేసిందా అనిపించి గుండె చెరువైపోయింది.

"పద," అన్నాను. "మీ ప్రయోగశాలకు పద. నా రక్తం తీసుకో. బల్లమీద దుమ్ము తీసుకో. నేల తవ్వి తీసుకో. నావల్లే అని తేలితే సెట్లన్నీ నేనే మోసుకొచ్చి నీ ట్యాంకులో వేస్తాను. పెద్ద సెట్టుతో సహా."

మొండిదాన్ని అయితే మొండిదాన్నే. ఆ పూటే వెళ్లాం. వల్లి నా రక్తం తీసింది. పోల్చి చూడటానికి పక్కన మరో రక్తం కావాలంటే తన చేతినే సూదికి అప్పగించింది. సీసం సంగతి తేల్చే యంత్రం ముందు అక్కాచెల్లెళ్లం ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం. ఫలితం వచ్చింది. వల్లి చూసి, రక్తం పట్టిన సీసాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే వచ్చింది.

నా రక్తంలో ఉన్న సీసం ఊళ్లో ఎవరికైనా ఉండేంతే. వల్లి రక్తంలో అంతకు నాలుగింతలు.

ఆమె లేచి వెళ్లి నా బల్లమీద నుంచి తెచ్చిన పాత బోర్డు తీసింది. తెల్లబట్టతో అతుకుల్ని తుడిచింది. బట్ట తెల్లగానే ఉంది. తర్వాత పక్కనే ఉన్న శుద్ధి కేంద్రంలో ట్యాంకుల గదికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. చెద తిన్నాక మిగిలే బూడిదరంగు పొడి అక్కడ పళ్లేల్లో ఆరుతోంది. పనివాళ్లు దాన్ని పారలతో సంచులకెత్తుతున్నారు. వల్లి కిటికీ చువ్వను అదే బట్టతో తుడిచింది. బట్ట బూడిదరంగుకు తిరిగింది.

"తినడంలేదక్కా," అంది మెల్లగా. "నమిలి ఊస్తోంది. నీళ్లలో ఉన్నంతసేపూ పట్టి ఉంచుతుంది, ఆరితే వదిలేస్తుంది. దిబ్బ దగ్గర తడిమట్టి కాబట్టి సరిపోయింది. ఇక్కడ పొడై గాలిలోకి లేస్తోంది. అతుకులో ఉన్నన్నాళ్లూ సీసం కట్టేసిన కుక్క. విప్పి ఊరిమీదకు వదిలింది నేను."

ఎదురుగా సంచి మూతి కడుతున్న ఇస్సాకు మమ్మల్ని చూసి చెయ్యెత్తి నవ్వాడు. వాళ్లకు ఇచ్చినవి పంపు కొట్టేటప్పుడు వేసుకునే ముసుగులు. పొడి ఎత్తేటప్పుడు వేసుకోమని ఎవరూ చెప్పలేదు.

ఆ వారమంతా వల్లి పరుగులు పెట్టింది. ఒప్పుకున్న పనివాళ్ల రక్తం చూసింది. అందరిదీ ఒకటే తీరు, తనకన్నా ఎక్కువే. పైవాళ్ల దగ్గరకు వెళ్లింది. ట్యాంకుల గదులకు కొత్త ఏర్పాట్లు చేస్తామనీ, అప్పటిదాకా ఈ సంగతి గుమ్మం దాటకూడదనీ అన్నారు. పనివాళ్లకైనా చెబుతానంటే, చెబితే ఉద్యోగం ఉండదన్నారు. అప్పటిదాకా అంటే ఎప్పటిదాకా అని అడిగితే, పరిశీలనలో ఉందన్నారట. ఆ మాట నాకు బాగా పరిచయం.

శనివారం వల్లి దుకాణానికి వచ్చింది. నేను పెద్ద సెట్టుకు చివరి మాటు వేస్తున్నాను. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆద్య సంగతిలో అన్యాయంగా అన్నానక్కా."

"అన్నావు. నాకు ఇంకా మంటగానే ఉంది. తగ్గడానికి టైం పడుతుంది."

"ఊఁ." స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుని అడిగింది. "రేపు ఆకాశవాణి మాటలు తెర వెనకనుంచి ఎవరు చదువుతున్నారు?"

"కోటిరత్నమ్మగారి కోడలు."

"నేను చదువుతాను."

ఎందుకో అడగక్కర్లేదు. పరిషత్తుకు ఊరంతా వస్తుంది. శుద్ధి కేంద్రం పనివాళ్లు వస్తారు, పత్రికలవాళ్లు వస్తారు. కొత్త మైకులన్నీ నెట్‌కు కట్టేసి ఉంటాయి, పైవాళ్లు తలచుకుంటే మాట మధ్యలో నొక్కేస్తారు. ఈ సెట్టుకు అటు మైకు, ఇటు బాకా. మధ్యలో నొక్కేవాడు లేడు.

కానీ నాటకంలో లేనిది పలికితే అది పాత్ర కాదు. పృథ్వీధర్ చెప్పి మరీ వెళ్లాడు. పెద్ద సెట్టు పోతుంది, దుకాణం మొత్తం పోతుంది, ఇస్సాకు చేతనే చల్లిస్తారు. వల్లికీ ఆ సంగతి తెలుసు. తలొంచుకుని నేలను చూస్తోంది.

అబద్ధమెందుకు, నోటిదాకా 'వద్దే' అనే వచ్చింది. గోడలచుట్టూ చూశాను. ఒక్కొక్కదాన్ని ఎక్కడినుంచి తెచ్చానో, ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకున్నానో అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత నామీద నాకే చిరాకేసింది. వీటిని బాగుచేసింది దేనికి? చూసి మురవడానికా? పలకడానికేగా! పలకాల్సిన రోజున నోరు మూసుకునేటట్టయితే అవి నా దగ్గరున్నా ఒకటే, ట్యాంకులో ఉన్నా ఒకటే.

"మైకుకు మరీ దగ్గరగా పెట్టకు నోరు," అన్నాను. "ఊపిరి పడుతుంది."

ఆదివారం మధ్యాహ్నం మా నాటకం. కళాక్షేత్రం కిటకిటలాడుతోంది. ముందు వరసలో పృథ్వీధర్. వెనక తలుపు దగ్గర ఇస్సాకు, ఇంకో ఇద్దరు, భుజాన పంపులతో. నేను అట్ట కిరీటం పెట్టుకుని, బల్లెం పట్టుకుని సెట్టు పక్కన భటుణ్ణై నిలబడ్డాను. సెట్టుకు జరీ ఉత్తరీయం కప్పి, బాకాకు పూలదండ వేశారు. జనం దాన్ని చూసి ఈలలు వేశారు.

చివరి అంకం. చండవర్మ మహారాజు కోటిరత్నమ్మగారు పద్యం ముగించి, ఆకాశంవైపు చేయెత్తి గద్దించింది: "నా రాజ్యంలో లోటేమున్నది? ఉన్నదని చెప్పగలవారెవరున్నారు? చెప్పమను!"

వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. బాకా ఒకసారి గొంతు సవరించుకుంది. "చండవర్మా! నీ పాపం పండినది!" వల్లి గొంతు. ఉన్న మాటే. పృథ్వీధర్ తలూపాడు.

తర్వాత లేని మాటలు మొదలయ్యాయి.

"నా పేరు ప్రవల్లిక. శుద్ధిజీవిని తయారుచేసింది నేను. అది సీసాన్ని తినడంలేదు, పొడిచేసి గాలిలో వదులుతోంది. పాత సెట్లు బాగుచేసే మా అక్క రక్తంలో ఉన్న సీసానికి నాలుగింతలు నా రక్తంలో ఉంది. ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకా ఎక్కువ ఉంది. చెప్పొద్దన్నారు. చెబుతున్నాను. ముసుగు లేకుండా ఆ పొడిని ముట్టుకోవద్దు. ఆ బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. ఆస్పత్రికి వెళ్లండి."

పృథ్వీధర్ లేచి నిలబడ్డాడు. "ఇది నాటకంలో లేదు!" అని అరిచాడు. కోటిరత్నమ్మగారు మీసం మెలేసి ఆయనవైపు తిరిగింది. "ఎవడురా సభలో? రాజును నేను. నేనడిగాను, అది చెబుతోంది. కూర్చో!" పాత్ర లోంచి ఒక్క అడుగు బయట పెట్టలేదు మహాతల్లి. జనంలో ఎవరూ నవ్వలేదు.

పృథ్వీధర్ కూర్చోలేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. చల్లమని. నేను బల్లెం పారేసి సెట్టుకు అడ్డంగా నిలబడ్డాను. పంపులవాళ్లు నడవలోకి వచ్చారు. ముందు ఇస్సాకు. సగం దూరం వచ్చి ఆగాడు. తన చేతుల్ని చూసుకున్నాడు, చొక్కా చూసుకున్నాడు. అతని ఇంట్లో పాకే పిల్ల ఉంది. భుజాన్నుంచి పంపు దించి నేలమీద పెట్టాడు. వెనక ఇద్దరూ పెట్టేశారు.

పద్యం బాగుంటే వన్స్‌మోర్ కొట్టడం మా ఊరి రివాజు. ఒట్టి మాటకు కొట్టగా నేనెప్పుడూ వినలేదు.

"వన్స్‌మోర్!" అన్నాడు ఇస్సాకు. "ఇంకోసారి చెప్పమ్మా! వెనక అందరికీ వినపడలా. వన్స్‌మోర్!"

హాలు మొత్తం అందుకుంది. వల్లి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. నేను వంగి వాల్యూమ్ చివరిదాకా తిప్పాను.